బొమ్మను మాటల్లో పెట్టడం: ఒక ధర్మసందేహం

ఒక బొమ్మను ఎదురుగా పెట్టుకొని, దానిని చూస్తూ మరొక బొమ్మ గీయడం చిత్రకారులకు కొత్త కాదు. ఆ రెండు బొమ్మల నడుమ ఇప్పుడు ఒక పాఠం వచ్చి నిలిచింది. అదే కొత్త. ఆధారంగా తీసుకొన్న చిత్రాన్ని యంత్రం పరిశీలిస్తుంది. చూసినదానిని మాటలుగా మారుస్తుంది. ఆ మాటలను అంశాలవారీగా సర్దిన తరువాత వాటినే ఆదేశంగా స్వీకరించి మరొక యంత్రం, ఒక్కొక్కప్పుడు అదే యంత్రం, ఇంకొక చిత్రాన్ని తయారుచేస్తుంది. నడుమ నిలిచిన ఈ పాఠాన్నే ప్రాంప్ట్ అంటున్నారు. 2021లో ఓపెన్‌ఏఐ సంస్థ క్లిప్ అనే నమూనాను వెలువరించింది. 40 కోట్ల చిత్రాలను, వాటి పక్కనున్న వాక్యాలను జతలుగా చూసి, ఏ బొమ్మకు ఏ మాట ఎంత దగ్గరో లెక్కకట్టడం అది నేర్చుకొంది. 2022 ఆగస్టులో స్టేబుల్ డిఫ్యూజన్ బహిరంగంగా విడుదలయింది. 2023 ఏప్రిల్‌లో మిడ్‌జర్నీ సంస్థ, బొమ్మను ఇస్తే దానికి సరిపడే ప్రాంప్టులను నాలుగేసి చొప్పున రాసిపెట్టే సదుపాయాన్ని ప్రవేశపెట్టింది. అప్పటినుంచి బొమ్మను మాటల్లో పెట్టడం ఒక నైపుణ్యంగా, కొన్నిచోట్ల ఒక ఉద్యోగంగా కూడా రూపుదాల్చింది.

సాంకేతిక నిపుణులకు ఇందులో కనిపించేది సౌలభ్యం. నీతిశాస్త్ర దృష్టితో చూసేవారికి మాత్రం ఒక చిక్కుప్రశ్న ఎదురవుతుంది. ఒకరి బొమ్మను మాటలుగా విడదీసి, ఆ మాటలతో ఇంకొక బొమ్మను చేయించుకొన్న వ్యక్తి మొదటి బొమ్మకు బాకీపడ్డాడా? పడితే ఆ బాకీ ఎవరికి చెల్లించాలి?

ప్రశ్నకు జవాబు వెదికే ముందు పని ఎలా సాగుతుందో తెలుసుకోవడం అవసరం. "అందమైన పల్లె దృశ్యం" అని రాస్తే యంత్రానికి అందేది దాదాపు శూన్యం. అనుభవజ్ఞులు ఆధారచిత్రాన్ని గడులుగా విభజిస్తారు. చిత్రంలో ఉన్న మనుషులు, వస్తువులు ఒక గడిలో. స్థలం, కాలం మరొక గడిలో. చూసే కన్ను ఎంత ఎత్తున ఉన్నదీ, ఏది ముందు ఏది వెనుక అన్నదీ ఇంకొక గడిలో. వెలుగు ఏ దిక్కునుంచి పడుతున్నది, నీడలు పదునుగా ఉన్నాయా మెత్తగా ఉన్నాయా, ప్రధానమైన రంగులేవి, నీటిరంగా నూనెరంగా అచ్చుబొమ్మా అన్నవి విడివిడిగా రాస్తారు. కనిపించకూడని వాటికి కూడా ఒక గడి ఉంటుంది. ఈ విభజన వలన ఒక ముఖ్యమైన లాభం ఉంది. సాయంకాలపు వెలుగును మధ్యాహ్నపు వెలుగుగా మార్చాలంటే ఆ ఒక్క గడిని తిరగరాస్తే సరిపోతుంది. మిగిలిన వర్ణన చెక్కుచెదరదు. అయితే ఫలితంలో మిగిలినదంతా యథాతథంగా నిలుస్తుందన్న హామీ ఏమీ లేదు. యంత్రం ఒక మాట మారినా బొమ్మనంతటినీ తిరిగి కల్పిస్తుంది.

స్టేబుల్ డిఫ్యూజన్ తొలి నమూనాలలో పాఠానికి ఒక పరిమితి ఉండేది. 77 మాటతునకలకు మించి దానికి ఎక్కేది కాదు. ఆపైన రాసినది మామూలుగా కత్తిరించుకుపోయేది. కనుక రాసేవారు ముందు ఏది చెప్పాలో, ఏది చెప్పకపోయినా గడుస్తుందో తేల్చుకోవలసి వచ్చేది. తరువాతి నమూనాలలో ఈ ఇరుకు సడలింది కాని, తేల్చుకోవలసిన బాధ్యత తప్పిపోలేదు. ఒక చిత్రంలో ఏది ముఖ్యమో నిర్ణయించడం కంటితో చేసే పనిగా కనిపించినా అది తీర్పు చెప్పడమే.

భారతీయ కళాశాస్త్రం తెలిసినవారికి ఈ గడులు పాతచుట్టాల్లా తోచడంలో ఆశ్చర్యం లేదు. కామసూత్రాలకు జయమంగళ వ్యాఖ్య రాసిన యశోధరుడు చిత్రకళకు ఆరు అంగాలను పేర్కొన్నాడు. రూపభేదం, ప్రమాణం, భావం, లావణ్యయోజనం, సాదృశ్యం, వర్ణికాభంగం. వీటిలో రూపభేదం నేటి ప్రాంప్టులోని వస్తువుల గడికి దగ్గరగా ఉంటుంది. ప్రమాణం కూర్పుకూ కొలతలకూ సంబంధించినది. వర్ణికాభంగం రంగునూ కుంచె పనితనాన్నీ చెబుతుంది. భావానికి ప్రాంప్టులో వేరే గడి ఉండనే ఉంది; సాదృశ్యమంటే ఆధారచిత్రంతో పోలిక అనుకోవచ్చు. ఎటొచ్చీ లావణ్యయోజనం దగ్గరే ఇబ్బంది. దానిని ఎక్కడ పెట్టాలో తెలియక, తొలినాళ్లలో ప్రాంప్టులు రాసినవారు "మహత్తర కళాఖండం", "అత్యుత్తమ నాణ్యత" వంటి మాటలను చివర తగిలించేవారు. వంట బాగా రావాలని కూరలో "రుచి" అని రాసిన చీటీ వేసినట్లుంటుంది ఆ వ్యవహారం. కొన్ని నమూనాల విషయంలో అది పనిచేసిన మాటా నిజమే. ఎందుకంటే అటువంటి పొగడ్తలు తగిలించి ఉన్న బొమ్మలనుంచే అవి నేర్చుకొన్నాయి.

మాటనుంచి మూర్తిని తీయడం కూడా ఈ దేశంలో చిరకాలంగా ఉన్న పద్ధతే. ధ్యానశ్లోకం దేవతకు ఎన్ని చేతులో, ఏ చేతిలో ఏ ఆయుధమో, వాహనమేదో, మేనిఛాయ ఏదో చెబుతుంది. స్థపతి దానిని మనసులో నిలుపుకొని ఉలి పట్టుకొంటాడు. పోలిక ఇంతవరకే. ధ్యానశ్లోకం మరొక శిల్పి చెక్కిన విగ్రహంనుంచి పిండి తీసినది కాదు. అంతకన్న ముఖ్యమైన భేదం విష్ణుధర్మోత్తర పురాణం తృతీయ ఖండంలో కనిపిస్తుంది. ప్రతిమాలక్షణాలు తెలుపమని వజ్రుడనే రాజు మార్కండేయ మహర్షిని అడుగుతాడు. చిత్రసూత్రం తెలియనిదే ప్రతిమాలక్షణం తెలియదని, నృత్యం తెలియనిదే చిత్రం తెలియదని, వాద్యం తెలియనిదే నృత్యం తెలియదని, దానికి గీతం తెలిసి ఉండాలని మహర్షి సమాధానం సాగుతుంది. అంటే లక్షణాల పట్టిక చేతికి వచ్చినంతమాత్రాన పని నెరవేరదు. పట్టికలోని ఒక్కొక్క మాట వెనుక శరీరంతో నేర్చిన విద్య ఉండాలి. యంత్రం వద్ద ఆ మాట వెనుక ఉన్నవి ఇతర బొమ్మల పక్కన ఎవరో రాసిన ఇతర మాటలు.

ఆ మాటలు ఎక్కడివి? 2022లో వెలువడిన లయాన్-5బి అనే సంకలనంలో 585 కోట్ల చిత్ర-వాక్య జంటలు ఉన్నాయి. వాటిలో 230 కోట్లకు పైగా ఆంగ్లవాక్యాలతో కూడినవి. మిగిలిన వందకు పైగా భాషలన్నీ కలిసి సుమారు అంతే. ఈ వాక్యాలను బొమ్మ గురించి నిదానంగా ఆలోచించి రాసినవారు అరుదు. అంగడివాడు సరుకు అమ్ముకోవడానికి రాసినవి, పత్రికవారు వార్త కింద వేసినవి, యాత్రికులు తమ గుర్తుకోసం పెట్టుకొన్నవి అందులో ఉన్నాయి. అందువలన గద్వాల చీర కట్టుకొన్న స్త్రీని చూపితే, "సంప్రదాయ దుస్తుల్లో భారతీయ మహిళ" అన్న వర్ణన తేలికగా వస్తుంది. నూలు ఒంటికి పట్టు అంచును విడిగా నేసి కలిపిన సంగతి దానిలో ఉండకపోవచ్చు. వర్ణన అబద్ధం కాదు. అంగడి అరమీద దొరికిన మాటతో అది తృప్తిపడింది, అంతే.

చేర్యాల పటాన్ని ఉదాహరణగా తీసుకొంటే ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. సిద్దిపేట జిల్లాలోని చేర్యాలలో నకాషీ కుటుంబాలవారు గీసే పటాన్ని యంత్రానికి ఇచ్చినట్లు ఊహించవచ్చు. ఎర్రని నేపథ్యం, నల్లని రేఖలు, ఛాయాభేదం లేని చదునైన రంగులు, పెద్ద కళ్లు, పూలతీగల అంచు, భారతీయ జానపద కళ. యంత్రం రాసే వర్ణన ఇంచుమించు ఈ తీరుననే ఉంటుంది. ప్రతి అంశమూ సరైనదే. ఈ అంశాలతో మరొక బొమ్మను పుట్టిస్తే, దూరంనుంచి చూసేవారు చేర్యాల బొమ్మేననుకొనేటట్లు కూడా రావచ్చు.

కాని ఆ పటం గోడకు తగిలించడానికి పుట్టినది కాదు. నూలుగుడ్డకు బియ్యపు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి, ఆరిన తరువాత గీసిన ఆ పొడుగాటి పటం కథకుని కోసం పుట్టింది. కథకుడు కథ చెబుతూ ఉంటే పటం పైనుంచి కిందికి, ఒక్కొక్క అడ్డవరుసగా విప్పుకొంటుంది. యంత్రం అలంకారమని రాసిన పూలతీగ నిజానికి ఒక ఘట్టం ముగిసి మరొకటి మొదలయ్యే హద్దు. కథ ఎవరికోసం అన్నది కూడా పటంలోనే ఉంది. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం చెబుతారు. ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథ చెబుతారు. మాదిగలకు డక్కలివారు జాంబపురాణం చెబుతారు. ఒక కులం తన పుట్టుకను, తన గౌరవాన్ని తనకు తాను చెప్పుకొనే సాధనం ఆ పటం. "భారతీయ జానపద కళ" అనే మాట ఈ సంగతులన్నింటినీ అబద్ధమాడకుండానే తుడిచివేస్తుంది.

వర్ణన ఏదైనా కొంత విడిచిపెట్టక తప్పదు కదా అని ఆక్షేపించవచ్చు. ఆ ఆక్షేపణలో బలముంది. మనుషులు చేసిన వర్ణనలు కూడా ఘోరంగా పొరపడిన సందర్భాలున్నాయి. అజంతా 16వ గుహలో ఒక ప్రసిద్ధ చిత్రం ఉంది. తల వాల్చిన ఒక రాజస్త్రీ, ఆమెను పట్టుకొని ఉన్న చెలికత్తెలు, ఆందోళనతో చుట్టూ చేరిన పరిచారికలు. బొంబాయి కళాపాఠశాలకు చెందిన జాన్ గ్రిఫిత్స్, తన విద్యార్థులతో కలిసి 1872నుంచి పుష్కరకాలానికి పైగా అజంతా చిత్రాలకు ప్రతికృతులు తీయించాడు. ఈ చిత్రంలోని కరుణకు ముగ్ధుడై దానిని మరణిస్తున్న రాకుమారిగా వర్ణించాడు. ఆ పేరు స్థిరపడిపోయింది. తరువాతి పండితులు ఆమెను నందుని భార్య సుందరిగా గుర్తించారు. ఆమె మరణించడం లేదు. భర్త బుద్ధుని వెంట వెళ్లి భిక్షువయ్యాడని తెలిసి సొమ్మసిల్లింది. పక్కనే నందుడు విడిచిన కిరీటాన్ని పట్టుకొని ఒక సేవకుడు నిలుచున్నాడు. దుఃఖాన్ని పసిగట్టిన కన్ను దుఃఖకారణాన్ని చూడలేకపోయింది.

అయినా గ్రిఫిత్స్ పొరపాటుకూ యంత్రపు వర్ణనకూ ఒక భేదముంది. ఆ వర్ణన ఎవరిదో లోకానికి తెలుసు. అతడు గీయించిన ప్రతులలో అనేకం 1885లో లండన్‌లో అగ్నికి ఆహుతి అయినా, అజంతా గోడ మిగిలే ఉంది. గోడ ఉన్నది కనుక, కిరీటం ఆ గోడమీద ఉన్నది కనుక, పొరపాటు దిద్దుకోవడం సాధ్యమైంది. ప్రాంప్టు దారిలో అయితే గోడ అవసరం తీరిపోతుంది. "మరణిస్తున్న రాకుమారి" అన్న మాట మంచాన్ని, మందుసీసాను, వైద్యుణ్ణి తెచ్చుకొంటుంది. కిరీటం పట్టుకొన్న సేవకుడు ఎవరికీ గుర్తురాడు. ఆ రెండవ బొమ్మను మూడవవాడు ఆధారచిత్రంగా తీసుకొంటాడు. అక్కడినుంచి తప్పు ఎక్కడ మొదలయిందో చెప్పగలవారుండరు.

ఇక పేరు విషయం. ఈ సమస్యలో అన్నిటికంటె కఠినమైన భాగం ఇదే. 2022లో పోలండ్‌కు చెందిన చిత్రకారుడు గ్రెగ్ రుట్‌కోవ్‌స్కీ పేరు వేలాది ప్రాంప్టులలో దర్శనమిచ్చింది. అతడి శైలిలో గీయమని చెబితే యంత్రం కాల్పనిక యుద్ధదృశ్యాలను గంభీరమైన వెలుగునీడలతో గీసిపెట్టేది. తన పేరుతో వెదికేవారికి తాను గీయని బొమ్మలే ఎదురవుతాయేమోనని అతడు బహిరంగంగా ఆవేదన వ్యక్తం చేశాడు. ఇక్కడ పేరు చెప్పడం గౌరవం కాలేదు. పేరు ఒక పనిముట్టుగా మారి, ఆ పేరుగల మనిషి జీవనాధారానికే గురిపెట్టింది. అలాగని పేరు తీసివేసి, అతడి బొమ్మనే యంత్రానికి చూపి, వెలుగునూ నీడనూ రంగునూ విడివిడిగా రాయించుకొంటే ఏమవుతుంది? ఫలితం దాదాపు అదే. ఈసారి బాకీకి సాక్ష్యం కూడా మిగలదు. పేరు చెప్పినా అన్యాయమే, చెప్పకపోయినా అన్యాయమే అన్న స్థితి ఏర్పడింది.

చట్టం ఈ ముడిని విప్పడానికి ఉద్దేశించినది కాదు. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు భావానికి, ఇతివృత్తానికి కాపీరైట్ ఉండదని, వాటిని వ్యక్తీకరించిన తీరుకే ఉంటుందని స్పష్టం చేసింది. సాహిత్యానికీ కళకూ ఊపిరాడాలంటే ఆ సూత్రం కావలసిందే. బొమ్మను ప్రాంప్టుగా మార్చే పద్ధతి మాత్రం సరిగ్గా ఆ సరిహద్దు మీద ఒక జల్లెడలా నిలిచింది. పైన బొమ్మ వేస్తే కింద మాటలు, అంటే భావాలు, రాలతాయి. వాటితో మళ్లీ చేసినది కొత్త వ్యక్తీకరణ అనిపించుకొంటుంది. జల్లెడ పట్టినంత మాత్రాన పిండి ఎవరి ఇంటిదో మారిపోదు.

కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ రచయితకు ఆర్థిక హక్కులతో సంబంధం లేని కొన్ని ప్రత్యేక హక్కులను ఇచ్చింది. కృతి తనదని చెప్పుకొనే హక్కు, తన ప్రతిష్ఠకు భంగం కలిగేలా దానిని వికృతం చేయకుండా అడ్డుకొనే హక్కు అందులోనివి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లోని తన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో తొలగించినందుకు శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఈ హక్కుల కోసమే న్యాయస్థానానికి వెళ్లాడు. 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన భాగాలను ఆయనకు తిరిగి ఇవ్వాలని, 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని తీర్పు చెప్పింది. శిల్పం ముక్కలైంది కనుక ఆయనకు చూపడానికి ముక్కలున్నాయి. మాటలుగా విడిపోయిన బొమ్మకు ముక్కలు కనిపించవు. అసలు బొమ్మ గోడమీద క్షేమంగానే ఉంటుంది.

చేర్యాల వంటి సామూహిక కళల విషయంలో చట్టం మరొక విచిత్రమైన ఫలితానికి దారితీస్తున్నది. 1999నాటి భౌగోళిక గుర్తింపు చట్టం సరుకుమీద వాడే పేరును రక్షిస్తుంది. చేర్యాల చిత్రాలకు ఆ గుర్తింపు ఉంది. యంత్రం గీసిన బొమ్మను అచ్చువేసి "చేర్యాల" అని అమ్మే వ్యాపారి చట్టానికి చిక్కే అవకాశముంది. అదే బొమ్మను "ఎర్రని నేపథ్యంగల జానపద పటం" అని అమ్మేవాడిని ఆ చట్టం పట్టుకోవడం కష్టం. మూలాన్ని చెప్పినవాడికి ప్రమాదం, దాచినవాడికి భద్రత! నకాషీ ఇంటికి రావలసిన గిరాకీ మాత్రం రెండు సందర్భాలలోనూ ఒకే తీరుగా తగ్గుతుంది. పేరును కాపాడే చట్టం పేరు దాచడానికి ప్రోత్సాహంగా మారడం దానిని రూపొందించినవారు ఊహించినది కాకపోవచ్చు. కళల పోషణకు బాధ్యులైన అధికారులు దీనిని పట్టించుకోవలసిన అవసరం ఉంది.

దీనికి ఎదురుగా తరచు వినిపించే వాదం ఒకటుంది. కళాకారులందరూ ముందువారిని చూసే నేర్చుకొన్నారని, అజంతాను చూసి నందలాల్ బోస్ నేర్చుకోలేదా అని అడుగుతారు. నిజమే. 1909లో మొదలుపెట్టి లేడీ హెరింగ్‌హామ్ చేపట్టిన ప్రతికృతుల కార్యక్రమంలో నందలాల్ పాల్గొన్నాడు. హైదరాబాదు నుంచి వచ్చిన చిత్రకారులు కూడా ఆ బృందంలో ఉన్నారు. గుహల మసక వెలుతురులో, గబ్బిలాల వాసనలో, ఒక్కొక్క గీతను చేతితో అనుసరిస్తూ వారు పనిచేశారు. ఆ శ్రమవలన వారి చేయి మారింది. తరువాత శాంతినికేతన్‌లో నందలాల్ శిష్యులకు అందినది ఆ మారిన చేయి. చూసి నేర్చుకోవడంలో నేర్చుకొన్నవాడు కూడా కొంత ఇచ్చుకొంటాడు. ప్రాంప్టు రాయించుకొన్న వ్యక్తిలో అటువంటి మార్పు జరగవచ్చు, జరగకపోనూవచ్చు. తానే కూర్చొని ఆధారచిత్రాన్ని గంటసేపు చూసి, తన మాటల్లో రాసుకొన్నవాడి సంగతి వేరు. యంత్రం రాసిన నాలుగింటిలో ఒకటి ఎంచుకొన్నవాడి సంగతి వేరు. ఈ ఇద్దరినీ ఒకే గాటకట్టి నిందించడం న్యాయం కాదు.

పేరు లేకపోవడమే దోషమని అనడం కూడా తొందరపాటు. అజంతా చిత్రకారుల పేర్లు ఎవరికీ తెలియవు. ఎన్నో ఆలయాల స్థపతులు తమ పేర్లు చెక్కుకోలేదు. ఆ అనామకత్వం నడిచిన లోకంలో పనికి పోషణ ఉండేది; పని చేసినవాడు ఫలానా ఊరివాడని, ఫలానా ఇంటివాడని చుట్టుపక్కలవారికి తెలిసేది. ఆ లోకాన్ని మరీ బంగారు లోకంగా చిత్రించనవసరం లేదు. కులం గీసిన గీతలు దానిలోనూ బలంగానే ఉండేవి. కాని అక్కడ పేరు లేకపోవడంవలన ఎవరి తిండీ వేరొకరికి పోలేదు. ఇక్కడ పోతున్నది.

1994లో సవరించిన భారత కాపీరైట్ చట్టం, కంప్యూటర్ సృష్టించిన కృతికి దానిని సృష్టింపజేసిన వ్యక్తినే కర్తగా పేర్కొంటుంది. 2025 జనవరిలో అమెరికా కాపీరైట్ కార్యాలయం వెలువరించిన నివేదిక, కేవలం ప్రాంప్టు ఇచ్చినంతమాత్రాన కర్తృత్వం సిద్ధించదని అభిప్రాయపడింది. రెండింటిలో ఏది నెగ్గినా, అవి తేల్చేది రెండవ బొమ్మ ఎవరిదన్న సంగతి. మొదటి బొమ్మకు చెల్లవలసినదాని గురించి అవి మాట్లాడవు.

ఏ మ్యూజియంలోనైనా వస్తువుల నమోదు పుస్తకాన్ని తెరిచి చూస్తే అందులోనూ గడులే కనిపిస్తాయి. వస్తువు పేరు, పదార్థం, కొలతలు, వర్ణన, కాలం, దొరికిన చోటు, ఎవరి ద్వారా వచ్చింది. ప్రాంప్టు గడులను దీని పక్కన పెట్టి పోలిస్తే మొదటి నాలుగూ ఇంచుమించు రెండింటిలోనూ ఉన్నాయి. చివరి రెండూ ప్రాంప్టులో లేవు. కాలం గడి ఉన్నా అది బొమ్మలో కనిపించే కాలానికే గాని, బొమ్మ పుట్టిన కాలానికి కాదు. యంత్రానికి అవి అక్కరలేదు. దొరికిన చోటు రాసినందువలన రంగు మెరుగుపడదు. అయితే ప్రాంప్టు యంత్రం ఒక్కటే చదివే కాగితంగా ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. యంత్రానికి పంపే పాఠం ఒకటి, దానితోపాటు భద్రపరచే నమోదు ఒకటి ఉండవచ్చు. జీవించి ఉన్న చిత్రకారుని పేరు మొదటిదానిలో ఉండకూడదు, అతడు అంగీకరిస్తే తప్ప. రెండవదానిలో తప్పక ఉండాలి. పైన చెప్పిన చిక్కుముడికి ఈ విభజన కొంతవరకైనా దారి చూపుతుంది. బొమ్మ ఫైలుతోపాటు దాని పుట్టుపూర్వోత్తరాలను జతచేసి పంపే సాంకేతిక ప్రమాణాలను 2021లో ఏర్పడిన సీ2పీఏ అనే కూటమి రూపొందించింది. చోటు సిద్ధంగానే ఉంది. ప్రభుత్వ శాఖలు బొమ్మలు చేయించుకొనేటప్పుడు ఈ రెండవ నమోదును కూడా అడిగి తీసుకోవడానికి కొత్త చట్టమేదీ అవసరం లేదు. ఒప్పంద పత్రంలో ఒక వాక్యం చాలు.

ఆ వాక్యం చేర్చిన తరువాత కూడా గడి నింపే పని మిగులుతుంది. జాంబపురాణం పటాన్ని ఆధారంగా తీసుకొన్నప్పుడు "ఎవరినుంచి" అన్నచోట గీసిన నకాషీ పేరు రాయాలా, దానిని విప్పి కథ చెప్పే డక్కలివారి పేరు రాయాలా, ఆ పురాణం తమదని చెప్పుకొనే మాదిగల పేరు రాయాలా అన్నది బొమ్మను ఎంత తేరిపార చూసినా తెలియదు. చేర్యాల దాకా వెళ్లి, అక్కడినుంచి పటం తిరిగే ఊళ్లకు వెళ్లి, అడగవలసిందే.